తుఫాను రావాలని కోరుకోవచ్చా?

తుఫాను వస్తోందంటే గుండెలు చిక్కబట్టుకుని కూచునేవాళ్ళని మనం చూశాం. ఆ మాటకొస్తే మనమూ కూచున్నాం. కానీ వస్తానన్న తుఫాను రాలేదని అన్నం సహించక, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుని, రెండ్రోజులు ముఖం ముడుచుకుని తిరిగేవాళ్ళు కూడా ఈ లోకంలో ఉన్నారంటే నమ్ముతారా? ఉన్నారండీ. అమెరికా తూర్పు తీరంలో కోకొల్లలు. వాళ్ళేమీ వాతావరణ శాఖలో జీతం పుచ్చుకునేవాళ్ళు కారు. బడిపంతుళ్ళు, గుమస్తాలు, రిటైరైన పెద్దవాళ్ళు, మీసాలు రాని కుర్రాళ్ళు. నవంబరు దాటిందంటే చాలు, ఈ ఏడాది పెద్ద మంచు తుఫాను వస్తుందా రాదా అన్న చింతే వాళ్ళకి.

మంచు అంటే మనకి కశ్మీరులో తీసిన సినిమా పాటే గుర్తొస్తుంది. హీరోయిన్ పలచని చీరలో వణక్కుండా పాడేస్తుంది. అసలు సంగతి వేరు. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బోస్టన్ నగరాలు ఒకే రహదారి మీద దండ గుచ్చినట్టుంటాయి. చలికాలంలో కెనడా వైపు నుంచి వచ్చే కొరికే గాలి నేలమీద తిష్ఠ వేస్తుంది. పక్కనే సముద్రంలో గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం ఉత్తరానికి పోతుంటుంది. ఆ చలీ ఈ వెచ్చదనమూ ఒరుసుకున్న చోట, తరచు కరోలినా రాష్ట్రాల ఒడ్డున, వాయుగుండం పుట్టి తీరం వెంబడే పైకి పాకుతుంది. ఒడ్డున ఉన్నవాళ్ళకి గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది కనక దానికి నారీస్టర్ అని పేరు.

ఆ గుండం ఏ దారిన పోతుందన్నదే అసలు కథ. కాస్త ఒడ్డుకి దగ్గరగా జరిగిందా, సముద్రపు వెచ్చదనం లోపలికి చొరబడి మంచు కాస్తా వట్టి వాన అయిపోతుంది. కాస్త దూరం జరిగిందా, మంచంతా చేపల పాలు. మసాచుసెట్స్‌కి దక్షిణాన సముద్రంలో 40వ అక్షాంశం, 70వ పడమటి రేఖాంశం కలిసే చోటు ఒకటుంది. గుండం దాని చుట్టుపక్కల నుంచి పోతే ఈ మంచు భక్తులకి పండగే. మన పురోహితులు లగ్నానికి ఘడియలూ విఘడియలూ లెక్కపెట్టినట్టు వాళ్ళు ఆ చోటికి ఇటెన్ని మైళ్ళు, అటెన్ని మైళ్ళు అని లెక్కపెట్టుకుంటారు.

ఆ లెక్కలు చెప్పేవి పెద్ద పెద్ద కంప్యూటర్లు. అమెరికా వాళ్ళది ఒకటి, యూరపు దేశాలన్నీ కలిసి నడుపుకునేది ఒకటి. అమెరికా వాళ్ళ లెక్క రోజుకి నాలుగుసార్లు కొత్తగా వస్తుంది. చలికాలంలో రాత్రి లెక్క న్యూయార్క్ టైము ప్రకారం పదిన్నర దాటాక మొదలవుతుంది, యూరపుది అర్ధరాత్రి దాటాక. ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే వీళ్ళు తెర ముందు కూచుని ఒక్కొక్క పటమే వస్తుంటే ఊపిరి బిగబట్టి చూస్తారు. పదకొండింటికి రెండడుగుల మంచు అన్న యంత్రం తెల్లారేసరికి చిరుజల్లు అంటుంది. సంబంధం కుదిరినట్టే కుదిరి మర్నాడు కార్డు ముక్క వచ్చినప్పుడు ఆడపిల్ల తండ్రి ముఖం ఎలా ఉంటుందో, అచ్చం అలా ఉంటాయట అప్పటి ముఖాలు.

పిల్లల సంగతి మరీ తమాషా. మంచు పడితే బడికి సెలవు కదా! అందుకని ముందు రాత్రి పైజమా తిరగేసి తొడుక్కుంటారు. తలగడ కింద చెంచా పెట్టుకుంటారు. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తీసి పాయిఖానాలో పోసి నీళ్ళు వదులుతారు. మనవాళ్ళు వానల కోసం కప్పలకి పెళ్ళి చేస్తే నవ్వేవాళ్ళు ఈ పూజావిధానం కూడా ఒకసారి చూడాలి.

కానీ ఒక తేడా ఉంది. కప్పల పెళ్ళి చేసే రైతు కడుపు కోసం వాన కోరుకుంటాడు. వీళ్ళు ముచ్చట కోసం తుఫాను కోరుకుంటారు. ఇక్కడే నాకో పీట ముడి పడింది. పదిమందికి కష్టం తెచ్చేదాన్ని, ముచ్చట కోసం, మనసారా రావాలని కోరుకోవచ్చునా? అది తప్పా, కాదా?

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ప్రశ్నకి జవాబు క్షణంలో దొరుకుతుంది. "అపశకునపు మాటలనకే, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అంటారు. అయితే తథాస్తు దేవతలే ఉంటే ఆ తీరంలో ఏటా పది తుఫానులు వచ్చి ఉండాల్సింది! 2022 ఫిబ్రవరి నుంచి 2024 జనవరి దాకా న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్కరోజున ఒక్క అంగుళం మించి మంచు పడలేదు. లెక్కపెడితే 701 రోజులు. అన్ని రాత్రుల జాగారాలూ, అన్ని తిరగేసిన పైజమాలూ ఏమైనట్టు? ఎప్పుడైనా కోరుకున్నాక మంచు పడిందంటే అది కాకి వాలడమూ తాటిపండు రాలడమూ, అంతే.

పాపం మాటకొస్తే శాస్త్రంలో కూడా వాళ్ళకో వెసులుబాటు ఉంది. పరీక్షిత్తు మహారాజు కలిపురుషుణ్ణి చంపకుండా ఎందుకు వదిలేశాడయ్యా అంటే, ఈ యుగంలో పుణ్యం తలుచుకున్నంత మాత్రాన ఫలిస్తుంది, పాపం మాత్రం చేస్తేనే అంటుతుంది, ఆ ఒక్క సుగుణం చూసి వదిలేశాడని భాగవతం చెబుతుంది. మంచు భక్తులు చేసిందేమీ లేదు. తలుచుకున్నారంతే. కాబట్టి వాళ్ళ చిట్టాలో పాపం పద్దు లేదు. ఈ లెక్కన నేను ఇక్కడితో కలం మూసి వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు.

కానీ మనసొప్పడం లేదు. కోరిక ఆకాశాన్ని ఏమీ చెయ్యలేదు, నిజమే. కోరుకున్న మనిషిని ఏం చేస్తుందన్నది కదా చూడాల్సింది!

2015 జనవరి చివర్లో జరిగిన సంగతి చెప్తాను. న్యూయార్క్‌లో రెండడుగుల మంచు పడొచ్చు, చరిత్రలో ఎన్నడూ చూడనంత కావచ్చు అన్నారు. బడులు మూసేశారు. కార్లు రోడ్డెక్కకూడదన్నారు. నేలకింద నడిచే రైళ్ళని మంచు భయంతో ఆపేయడం ఆ నగర చరిత్రలో అదే మొదటిసారి. తీరా తుఫాను తూర్పుకి కాస్త జరిగింది. సెంట్రల్ పార్కులో పడింది 9.8 అంగుళాలు. అటు మసాచుసెట్స్‌లో వూస్టర్ అనే ఊళ్ళో 34.5 అంగుళాలు పడిందనుకోండి, అది వేరే సంగతి. న్యూజెర్సీ వైపు జోస్యం చెప్పే వాతావరణ అధికారి ఒకాయన జనానికి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. పాపం, దేనికి? ఆపద రానందుకు! వ్యాపారం పోయిందని కొట్లవాళ్ళు తిట్టారు, సెలవు దండగైందని ఉద్యోగులు తిట్టారు, మంచు భక్తులు సరేసరి, కంటతడి పెట్టినంత పని చేశారు. ఇన్ని గొంతుల్లో "పోనీలే, గండం తప్పింది" అన్న గొంతు ఎంత సన్నగా వినిపించిందో చూడండి. అలాంటప్పుడు మంచు పిచ్చివాళ్ళని మాత్రమే నిలబెట్టి అడగడం ఏం న్యాయం?

మరుసటేడు 2016 జనవరిలో వాళ్ళ మొర ఫలించింది. సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు. 1869 నుంచీ ఉన్న లెక్కల్లో అదే పెద్దది. భక్తుల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అదే తుఫానులో న్యూజెర్సీలో ఒకతను కారు చుట్టూ మంచు పారతో తీస్తున్నాడు. చలికి భార్యాపిల్లలు లోపల ఇంజను వేసుకుని కూచున్నారు. పొగ గొట్టం మంచులో కూరుకుపోయి ఉందని ఎవరూ గమనించలేదు. విషవాయువు లోపలికి తన్నుకొచ్చి తల్లీ పిల్లలూ పోయారు. మంచు ప్రాణం తీసే తీరు ఇలాగే ఉంటుంది. తాటిచెట్లు విరుచుకుపడే చప్పుడుండదు. పారతో మంచు ఎత్తుతూ గుండె ఆగిపోయే నడివయసు మగవాళ్ళు, జారిన కార్లు, ఇలా ఒక్కొక్కటిగా, నిశ్శబ్దంగా.

ఆ కుటుంబం సంగతి తెలిసి కూడా 27.5 అన్న అంకె తలుచుకుని మురిసిపోగలమా? పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అన్నారు గానీ, ఇక్కడ పిల్లి ఎలుకని చంపడం లేదు. కిటికీలోంచి చూస్తోంది. చూసేవాడికి బాధ్యత ఏమిటన్నదే నా ప్రశ్న.

ఇంకో చిత్రం వినండి. ఈ తుఫానుల గొప్పతనానికి 2004లో పాల్ కోసిన్, లూయీ ఉచ్చెల్లీని అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక కొలబద్ద తయారుచేశారు. ఉచ్చెల్లీని తర్వాత అమెరికా వాతావరణ సర్వీసుకి పెద్ద అధికారి కూడా అయ్యాడు. వాళ్ళ కొలతలో తుఫానులకి ఐదు తరగతులు. ఎంత మంచు పడింది, ఎంత మేర పడింది అని చూస్తారు. దాంతో ఆగరు. ఎంతమంది జనం మీద పడింది అని కూడా చూస్తారు! నిర్మానుష్యమైన కొండల్లో ఐదడుగులు కురిసినా దానికి పెద్ద తరగతి దక్కదు. కోట్లమంది నెత్తిన పడితేనే ఐదో తరగతి. 1993 మార్చి తుఫానుకీ, 1996 జనవరి తుఫానుకీ అలా దక్కింది. శాస్త్రం దృష్టిలో ఇది సబబే. ఏ తుఫాను ఎంత కష్టపెట్టిందో రేపటివాళ్ళకి తెలియాలి కదా. కానీ ఐదో తరగతి తుఫాను రావాలి దేవుడా అని మొక్కేవాడు ఏం మొక్కుతున్నట్టు? వాడి మొక్కులో మంచు ఒక్కటే లేదు, మంచు కింద మనుషులు కూడా ఉన్నారు. వాడికి తెలియకుండానే ఉన్నారు.

కొలిచేవాళ్ళ చరిత్ర పాతదే. 1772 జనవరిలో వర్జీనియాలో మూడడుగుల మంచు పడిందని జార్జి వాషింగ్టన్ తన డైరీలో రాసుకున్నాడు. జెఫర్సన్ కూడా రాసుకున్నాడు. జెఫర్సన్‌కి ఆ నెల ఒకటో తారీకునే పెళ్ళయింది. కొత్త పెళ్ళికూతుర్ని కొండమీది తన ఇంటికి తీసుకొస్తుంటే దారిలో ఆ మంచు. బండి వదిలేసి గుర్రాల మీద చేరారు. లోతు ఎంతో ఇద్దరు మహానుభావుల డైరీల్లోనూ ఉంది. గుర్రం మీద కూచుని వచ్చిన ఆ పిల్ల చలి ఏ కొలతలోనూ లేదు.

ఈ మాట అంటున్నది ఆడదాన్ని కనక అనుకోకండి. సెలవు అని పిల్లలు గంతులేస్తారే, ఆ సెలవు ఇంట్లో ఎవరికి? తుఫాను కబురు తెలియగానే అక్కడ దుకాణాల్లో రొట్టె, పాలు అరగంటలో ఖాళీ అయిపోతాయి. పిల్లలంతా ఇంట్లో, మగవాళ్ళూ ఇంట్లో, తడిసిన బూట్లూ మేజోళ్ళూ హాలు నిండా, ప్రతి గంటకీ ఎవరికో ఒకరికి వేడివేడిగా ఏదో కావాలి. కిటికీలోంచి మంచు అందాన్ని చూసే తీరిక ఆ ఇంట్లో ఒక్కరికే ఉండదు. ఎవరికో మీకు చెప్పక్కర్లేదు.

మన తీరంలో అయితే ఈ పిచ్చికి చోటే లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన వేలమందిని మింగింది. ఆ పేరు విన్న ఇంట్లో తుఫాను రావాలని సరదాకైనా ఎవరంటారు? వెచ్చని ఇల్లు, నిండిన అల్మైరా, గట్టి పైకప్పు ఉన్నచోటే ఆ కోరిక పుడుతుంది. భద్రత కొంచెం ఎక్కువైనప్పుడు మనిషికి భయం కూడా ఒక రుచి అవుతుంది కాబోలు.

ఇంతవరకూ చదివి నేను వాళ్ళని బోనులో నిలబెట్టానని అనుకుంటున్నారేమో. రెండో వైపు కూడా చూడాలి. 1888 మార్చిలో ఇదే తీరాన్ని ఒక మంచు తుఫాను ముంచేసింది. అంతకు ముందు రోజుల్లో హాయిగా వెచ్చగా ఉంది. ఇంత ముప్పు వస్తోందని న్యూయార్క్‌లో ఎవరూ చెప్పలేదు. మొత్తం నాలుగువందల మందికి పైగా పోయారు, అందులో రెండువందల మంది న్యూయార్క్ వాళ్ళే. పనికి వెళ్తే జీతం, లేకపోతే లేదు అన్న భయంతో బయల్దేరినవాళ్ళు ఎందరో. టెలిగ్రాఫు తీగల్ని నేలలో పాతిపెట్టాలని, రైళ్ళు నేలకింద నడపాలని జనం గట్టిగా అనుకున్నది ఆ తర్వాతే. అదే 1993 తుఫానుకి వస్తే, ఐదు రోజుల ముందే వాతావరణ శాఖ హెచ్చరించింది. మొదటి రేకు రాలకముందే గవర్నర్లు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అయినా రెండువందల మందికి పైగా పోయారు. కానీ ఆ హెచ్చరికే లేకపోతే?

ఈ రెండు తుఫానుల మధ్య నూరేళ్ళలో జరిగిందేమిటంటే, ఆకాశం వైపు కళ్ళప్పగించి కూచునేవాళ్ళు పెరిగారు. 1890 నుంచి అమెరికాలో ఊరూరా స్వచ్ఛందంగా వానా మంచూ కొలిచి పంపేవాళ్ళున్నారు. తెల్లరంగు వేసిన చెక్క ఒకటి పెరట్లో పెట్టి, దానిమీద పడ్డ మంచుని కొలుస్తారు. అదీ ఆరు గంటలకి ఒకసారి మించి తుడవకూడదు. గంట గంటకీ తుడిచి కొలిస్తే మొత్తం అబద్ధంగా పెరుగుతుంది. ఎముకలు కొరికే చలిలో తెల్లవారుజామున టార్చి పట్టుకుని పెరట్లోకి పోయేవాడికి మంచంటే పిచ్చి ఉండక మరేం ఉంటుంది? పిచ్చి లేనివాడు దుప్పటి ముసుగు తన్నుతాడు. ఆ కోరికా ఈ కాపలా ఒకే బొడ్డులోంచి పుట్టిన కవలలు. ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని గెంటెయ్యడం అయ్యే పని కాదు.

మంచుని ప్రేమించడంలో కూడా తేడాలున్నాయి. వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే ఊళ్ళో విల్సన్ బెంట్లీ అని ఒక రైతు ఉండేవాడు. 1885లో మొట్టమొదటిసారి ఒక మంచు రేకుకి ఫోటో తీశాడు. నల్లని పలక మీద రేకుని పట్టి, ఊపిరి తగిలితే కరిగిపోతుందని ఊపిరి బిగబట్టి, అలా బతికినంత కాలం ఐదువేలకి పైగా తీశాడు. ఊళ్ళోవాళ్ళు వెర్రిబాగులవాడన్నారు. 1931 డిసెంబరులో మంచు తుఫానులో నడిచి ఇంటికొచ్చి న్యుమోనియాతో పోయాడు. ఆయన కూడా ప్రతి చలికాలం మంచు కోసం ఎదురుచూసినవాడే. కానీ ఆయన ఆనందానికి ఒక్క రేకు చాలింది. దాని కింద నగరాలు అక్కర్లేకపోయింది.

అందరూ బెంట్లీలు కాలేరనుకోండి. తుఫాను రాబోతోందని ఊరందరికంటే రెండ్రోజుల ముందు తెలిసినవాడు, ఆ తెలిసినదాన్ని ఏం చేసుకున్నాడన్నదాన్ని బట్టే నేనైతే వాణ్ణి తూస్తాను. పక్కింటి ముసలావిడకి మందులున్నాయో లేదో కనుక్కున్నాడా? పార పట్టుకుని ఆవిడ గుమ్మం ముందుకి వెళ్ళాడా? లేక పటాలు చూసుకుంటూ చప్పట్లు కొట్టాడా?

మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. ఆసుపత్రి ల్యాబులో పని. తుఫానైనా భూకంపమైనా డ్యూటీకి పోవాల్సిందే. దాని కొడుక్కి అప్పుడు పన్నెండేళ్ళు, ఈ మంచు జబ్బు బాగా ముదిరినవాడు. 2011 జనవరి నెలాఖర్లో వచ్చిన తుఫానుకి మూడు రోజుల ముందు నుంచీ ఒకటే గోల. అంతకు ముందు రాత్రి పైజమా తిరగేసి తొడుక్కోవడం చేతకాక తంటాలు పడుతుంటే, ఇదే కూచుని కాళ్ళు తిరగేసి ఇచ్చిందట. ఆ మంచు పడితే ఆసుపత్రిలో కుర్చీలో నిద్రపోవాల్సింది తనే అని తెలిసీ.

వాడు మటుకు మర్నాడు మధ్యాహ్నం తల్లిని కుదురుగా ఉండనివ్వలేదు. "నీ డ్యూటీ ఏడింటికి కదా, నాలుగింటికే వెళ్ళిపో అమ్మా. చీకటి పడ్డాక గంటకి రెండంగుళాలు పడుతుంది, రోడ్డు కనపడదు" అన్నాడట. ఒక దుప్పటీ, డబ్బాలో పులిహోరా సర్దుకుని అది నాలుగింటికే బయల్దేరింది. వాడు చెప్పినట్టే రాత్రంతా కురిసింది. ఒంటిగంటకి పని కాస్త తెరిపిచ్చాక ఇంటికి ఫోను చేస్తే వాడు మేలుకునే ఉన్నాడు.

"ఎన్ని అంగుళాలు పడిందిరా?" అని అడిగిందట.

"ఇప్పుడే ఎలా చెప్తానమ్మా, ఇంకా ఆరు గంటలు కాలేదుగా!" అన్నాడట వాడు.